పాపాఘ్ని ఇసకలో పరుగు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టకముందే గౌసియా కూతురి చెయ్యి పట్టుకొని ఏటి దారి పట్టేది. వేంపల్లె పక్కన పాపాఘ్ని ఏరు ఏడాదిలో ఎక్కువ నెలలు ఉత్త ఇసకే. ఆ ఇసకలో ఫిరోజాను పరిగెత్తించాల. తర్వాత ఇంటికొచ్చి వంట చేయాల. రెండూ ఆమెకు ఒకే రకం పని అయిపోయినాయి.

ఫిరోజాకు ఎనిమిదేండ్లు. ఆటిజమని తేలి శానా కాలమైంది. పిలిస్తే పలకదు, కూర్చోమంటే కూర్చోదు, వీధి తలుపు తెరిచి ఉంటే చాలు, ఎదురు ఏమొస్తాందో చూడకుండా ఉరుకుతుంది. ఒకసారి బస్సుకే అడ్డం పోయింది. డ్రైవరు దిగొచ్చి గౌసియాను తిట్టిన తిట్లు వీధి వీధంతా విన్నారు. ఆ రోజు ఆమెకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఎక్కువసేపు మడిచి కూర్చున్న కాలు తిమ్మిరెక్కినట్టు మనసు తిమ్మిరెక్కి అట్లే ఉండిపోయింది. తినే కూడులో ఉప్పో కారమో గూడా తెలిసేది కాదు.

కడపలో ఇట్లాంటి పిల్లలకు శిక్షణ ఇచ్చే ఆరాధన ఓపికగా చెప్పింది. "అక్కా, అక్షరాల కంటే ముందు ఒళ్లు కదలాల. పరిగెత్తడం, దూకడం, బంతి పట్టడం. ఒళ్లు చెప్పినట్టు వినేకొద్దీ మనసుకు గూడా నిలకడొస్తాది. మాటలొస్తాయని నేను మాటియ్యలేను. వినడం, ఆగడం వస్తే అదే శానా."

ఆట కూడా ఆమే నేర్పింది. 'పో' అంటే పరిగెత్తాల. 'ఆగు' అంటే నిలబడాల. అంతే.

మొదట్లో గౌసియా పిల్ల నడుముకు చున్నీ కట్టి, 'ఆగు' అన్నప్పుడల్లా లాగి పట్టుకునేది. చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి చున్నీ విప్పేసింది. పిల్ల ఒక్కోసారి ఆగేది, ఒక్కోసారి ఆగేది కాదు. ఆగినా గౌసియాకు ఏమీ అనిపించేది కాదు. "ఇప్పుడు బాగా నిద్రపోతాంది సూడు పిల్ల," అని అత్త పీరమ్మ మురిసిపోతే, "అవునత్తా," అని గిన్నెలు తోముకునేది.

ఒకనాడు పొద్దున ఏట్లో ఎవరూ లేరు. "పో" అనగానే ఫిరోజా గట్టు వైపు దౌడు తీసింది. వెనకే పోతున్న గౌసియా, ఎవరో ఇసక తవ్వుకుపోయిన గుంతలో కాలు పెట్టి బోర్లా పడింది. చీలమండ కలుక్కుమంది. లేవబోతే కాలు నిలవలేదు. తలెత్తి చూస్తే పిల్ల అప్పటికే గట్టెక్కుతాంది. గట్టు మీద రోడ్డు. మలుపు అవతల నుంచి ట్రాక్టరు చప్పుడు దగ్గరికొస్తాంది.

"ఆగు!"

నోట్లో ఇసక. గొంతు సరిగా రాలేదు. మళ్లీ అరిచింది. "ఫిరోజా! ఆగు!"

ఫిరోజా ఆగింది. రోడ్డు అంచున, ఒక కాలు ముందుకేసి. ట్రాక్టరు దుమ్ము లేపుకుంటా ఆమె ముందర నుంచే పోయింది. పిల్ల వెనక్కి తిరగలేదు, కదల్లేదు. చేతివేళ్లు మాత్రం ఆడిస్తా, తల్లి మోకాళ్ల మీద పాక్కుంటా గట్టు చేరేదాకా అట్లే నిలబడింది. భుజమ్మీద చెయ్యి పడినాక తల్లి మొహంలోకి చూసి, "పో?" అని అడిగింది.

"వద్దు. ఇంటికి పోదాం," అనింది గౌసియా.

ఆ దారిన పోతున్న ఒకాయన ఇద్దరినీ బైకు మీద ఇంటికి చేర్చినాడు. సంగతి విని పీరమ్మ మనవరాలికి దిష్టి తీసింది. బండల పాలిష్ పనికి పోయిన మొగుడు అన్సార్ పని వదిలేసి ఉరుక్కుంటా వచ్చి, కూతురి ముందు కూలబడి ఏడ్చినాడు. ఫోన్లో విన్న ఆరాధన సంబరం పట్టలేకపోయింది. "ఉరికే కాలును మాట విని ఆపుకోవడం మన పిల్లలకు ఎంత పెద్ద పనో తెలుసా అక్కా? ఆపుకునింది!"

"తెలుసు మేడం," అనింది గౌసియా. "అందరూ ఏడుస్తాండారు, నవ్వుతాండారు. నా బిడ్డ బతికి బయటపడింది గదా, నాకెందుకు సంతోషం రాలా?"

"శానా అలిసిపోయినావక్కా," అనింది ఆరాధన. "ఈసారి వచ్చినప్పుడు నీకోసం గూడా ఒక డాక్టరమ్మతో మాట్లాడదాం."

పక్కనే ఉన్న అన్సార్ ఆ మాటలన్నీ విన్నాడు. మరుసటి పొద్దున గౌసియా వాచిన కాలుతోనే లేవబోతే భుజం పట్టి పడుకోబెట్టినాడు. "నువ్వు లేయొద్దుమే. కాలు నయమైనా సరే, ఇంకమీదట నేనే తీసకపోతా. పనికి కొంచెం ఆలస్యంగా పోతే కొంపలేం మునగవు."

"నీకు ఆ ఆట రాదు."

"నేర్పు మరి."

నేర్పింది. తండ్రీ కూతురూ వీధి మలుపు తిరిగేదాకా గడప వైపే చూసి, కండ్లు మూసుకునింది. లేచేసరికి ఎండ నడింట్లోకి వచ్చేసింది. పీరమ్మ సంగటి, చెనిక్కాయలూ మిరపకాయలూ నూరిన ఊరిబిండి తెచ్చి పక్కన పెట్టింది. గౌసియా ఒక ముద్ద నోట్లో పెట్టుకునింది. నాలుక చురుక్కుమంది.

"కారం ఎక్కువేసినావత్తా."

"రోజూ నువ్వేసినంతే ఏసినా," అనింది పీరమ్మ.

గౌసియా నీళ్లు తాగి, ఇంకో ముద్ద తుంచింది.