షట్టర్ మీద నాన్న కాలు

ఇద్రీస్ భాయ్ దమ్మపేటలో తనే అచ్చువేసిన ఫ్లెక్సీ తెచ్చి కొత్త షాపు ముందు విప్పాడు. ఇంటిల్లిపాదీ నోరు తెరిచి చూశారు. తెరిచిన నోరు మూయడం ఎవరికీ గుర్తు లేదు.

ఫ్లెక్సీలో భార్గవి వాళ్ల నాన్న భద్రు నిలబడి ఉన్నాడు. పైన 'భద్రు మోటార్ వైండింగ్' అని ఎర్రటి అక్షరాలు, పక్కన రెండు బోరు మోటార్లు, ఎందుకో నాలుగు గులాబీలు. అంతవరకూ బాగానే ఉంది. కానీ నాన్న చంకలో కర్ర లేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి సన్నబడిపోయిన ఎడమ కాలు ఉండాల్సిన చోట బలమైన కాలొకటి దిగి ఉంది. ఆ కాలికి తళతళలాడే నల్ల బూటు. కుడి కాలికి మాత్రం రోజూ వేసుకునే హవాయి చెప్పు.

"గీ కాలు ఎవరిదిరా?" అంది నాయనమ్మ జమ్లి. ఆమెకు చూపు సరిగా ఆనదు. అయినా కొడుకు కాలు తెలియదా?

"మొన్న ఒక పెళ్లి ఫ్లెక్సీ కొట్టిన. ఆ పెళ్లికొడుకుది," అన్నాడు ఇద్రీస్ భాయ్ గర్వంగా. "కర్ర గూడ నేనే తీసేసిన. దోస్తువి గదా, మంచిగ అవుపడాలని."

"మరి ఆ పెళ్లికొడుకు ఇప్పుడు ఎట్ల నడుస్తుండో పాపం," అంది అమ్మ కమ్లి.

అందరూ నవ్వారు, భార్గవి తప్ప. ఆమె తొమ్మిదో తరగతి. చుట్టాలు వచ్చి పేరడిగితే తలుపు వెనక్కి పోయే పిల్ల. నోట్సుల చివరి పేజీల నిండా నాన్న బొమ్మలు గీసుకుంది, ఎవరికీ చూపించలేదు. ప్రతి బొమ్మలోనూ కర్ర ఉంది. ఇప్పుడు నాన్న ఆ బూటు కాలిని తల అటు వంచి ఒకసారి, ఇటు వంచి ఒకసారి చూస్తున్నాడు. నాన్నకు ఆ కాలే నచ్చిందా? నచ్చితే తను గీసినవన్నీ తప్పులేనా?

"రేపు పొద్దున షాపు తెరవాలె. కట్టేద్దాం తియ్," అన్నాడు నాన్న.

"నేను గీస్త," అంది భార్గవి, చున్నీ అంచుకు చెప్పుకున్నట్టు.

"ఏందే గొణుగుతున్నవ్?" అంది నాయనమ్మ.

"షట్టర్ మీద... నాన్నను గీస్త. కర్రతోని."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమెకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"కర్ర ఎందుకు బిడ్డా? జనం రోజు చూసేదే గదా," అన్నాడు నాన్న.

"లేకుంటే బొమ్మల పడిపోతవ్ గద నాన్నా," అంది భార్గవి.

నాన్న పకపకా నవ్వి, వెళ్లి షట్టర్‌కు వీపు ఆనించి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

"వదులయ్యా, ఆ పొట్ట గూడ నీదే," అంది అమ్మ.

భార్గవి సుద్దముక్కతో నాన్న చుట్టూ గీత గీసింది. చంక దగ్గర నాన్నకు చక్కిలిగింతలు పుట్టి, బొమ్మకు ఆ పక్కన ఒక వంకర వచ్చింది. కర్రకు తన రవికె మీదిలాగే అద్దాలు కుట్టినట్టు వెయ్యమని నాయనమ్మ పట్టుబట్టింది. ఇంట్లో ఉన్నది మోటార్లకు పూసే నీలం రంగు ఒక్కటే. అమ్మ బొమ్మ చేతులకు రంగు పూసింది, ఇద్రీస్ భాయ్ సిగ్గుపడుతూ వచ్చి మీసం దిద్దాడు. ఫ్లెక్సీని నాయనమ్మ మిరపకాయలు ఆరబోసుకోవడానికి చుట్టి పట్టుకుపోయింది.

భార్గవి ఎడమ కాలి దగ్గరికి వచ్చింది. సుద్దగీతను దాటించి, కొంచెం లావుగా రంగు వేసింది. నాన్న వంగి చూశాడు.

"ఇది నాది కాదు."

భార్గవి కుంచె ఆగిపోయింది.

"ఇంత లావు ఏడుంది? సన్నగ వెయ్యి. పాదం లోపలికి తిరిగుంటది. సూడు." నాన్న ప్యాంటు మడిచి, స్టూలు మీద కూర్చుని కాలు చాపాడు. ఇన్నాళ్లూ దొంగచూపులు చూసి గీసిన కాలిని ఆమె ఎదురుగా కూర్చుని తీరిగ్గా చూసింది. గుడ్డ ముక్కతో అదనపు రంగు తుడిచి, సరిగ్గా వేసింది.

తెల్లవారి కొబ్బరికాయ కొట్టారు. నాన్న షట్టర్ ఎత్తాడు.

ముందు నీలం తల పైకి పోయి షట్టర్ చుట్టలో దూరింది. తర్వాత మీసం. తర్వాత పొట్ట. షట్టర్ అన్నది పైకి పోతుందని ఇంట్లో ఒక్కరికీ తోచలేదు!

"అరేయ్, నా కొడుకు పోతుండు, ఆపుండ్రి!" అని కేక పెట్టింది నాయనమ్మ.

నాన్న చప్పున ఆపాడు. ఇక మిగిలింది మోకాళ్ల కింది భాగం. గుమ్మం పైన ఒక మామూలు కాలు, ఒక సన్న కాలు, కర్ర కొస వేలాడుతున్నాయి.

"ముఖమే లేకపాయె. ఎవరు గుర్తుపడ్తరు భాయ్?" అన్నాడు ఇద్రీస్ భాయ్ దిగులుగా.

అంతలో పామాయిల్ తోట పగిడయ్య కాలిపోయిన మోటారును ఆటోలో వేసుకుని నేరుగా వచ్చి దిగాడు.

"కొత్త షాపు ఇదేనని ఎట్ల తెల్సింది మామా?" అంది అమ్మ.

"ఏందమ్మా గట్లంటవ్? అగో, భద్రు కాలు అవుపడ్తలేదా?" అంటూ లోపలికి నడిచి, షట్టర్ అంచుకు నుదురు ఠంగుమని కొట్టుకున్నాడు. "అబ్బా! జర పైకి లేపరాదయ్యా!"

నాన్న భార్గవి వైపు చూశాడు. 

"లేపితే నేను పోత," అన్నాడు నాన్న. "నువ్వే జర వంగు మామా."

పగిడయ్య నుదురు రుద్దుకుంటూ వంగి లోపలికి వచ్చాడు.