మూడు వందల నలభై మంది కొలతలు

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి వర్క్‌షాపు కంప్యూటరు ఆన్ చేశాను. రోజూ కనబడే బొమ్మ లేదు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం. డబ్బు పంపితే తాళంచెవి ఇస్తాం. నాలుగు రోజులు గడువు. పోలీసుల దగ్గరికి వెళ్ళొద్దు.

మొదట ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. ఒక ఫైలు నొక్కి చూశాను, తెరుచుకోలేదు. ఇంకోటి నొక్కాను, అదీ అంతే. పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు.

మా అక్క కృత్రిమ కాళ్ళు తయారుచేస్తుంది. పదమూడేళ్ళుగా అదే పని. మనిషికి కాలు ఎంతవరకు మిగిలిందో దాన్ని స్కానరుతో కొలుస్తుంది. ఆ మిగిలిన కాలు కూర్చునే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటారు. ఎవరి సాకెట్ వాళ్ళదే, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. కొంచెం తేడా వచ్చినా పుండు పడుతుంది. మా బావ, అంటే అక్క భర్త, ఆ సాకెట్లని అరగదీసి నునుపు చేసి, రెండు ఇనప కడ్డీల మధ్య మనుషుల్ని నడిపిస్తాడు. నేను కంప్యూటరు చూసుకుంటాను. అక్క నన్ను "కంప్యూటర్ మహానుభావుడు" అంటుంది. అందులో సగం వెక్కిరింత అని తెలిసినా, నేను మాత్రం మొత్తం పొగడ్తగానే పుచ్చుకునేవాణ్ణి.

మూడు వందల నలభై మంది కొలతలు ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి.

"ఏమైందిరా, అలా కొయ్యబారిపోయావు?" అంది అక్క.

"ఏం పర్లేదు, నకలు డిస్కు ఉంది," అన్నాను. ప్రతి శనివారం అన్నీ దానంతట అదే ఆ డిస్కులోకి ఎక్కేలా నేనే ఏర్పాటు చేశాను. కంప్యూటరు వెనక ఎప్పుడూ తగిలించే ఉంటుంది. తెరిచి చూస్తే దాన్నిండా అవే పిచ్చి అక్షరాలు.

తప్పు ఎవరిదో అప్పటికప్పుడు తేల్చేయాలనిపించింది. రెండేళ్ళ కిందట బావ ఏదో బహుమతి వచ్చిందన్న మెయిలు నమ్మి లింకు నొక్కాడు. దాని మీద ఇంట్లో ఇప్పటికీ జోకులు వేసుకుంటాం. కాళ్ళ కోసం వచ్చిన ముగ్గురు బల్లల మీద కూర్చుని ఉన్నారన్న ధ్యాస కూడా లేకుండా అరిచాను.

"బావా! మళ్ళీ ఏ లింకో నొక్కారు కదూ? చదవడం రాకపోతే ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

బావ చేతులనిండా తెల్లటి పొడి. "ఈ నెలలో నేను దాని దగ్గరికే రాలేదు," అన్నాడు.

"అందరూ అదే అంటారు."

బావ చేతులు కడుక్కుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. అక్క నావంక ఎవరో పరాయివాణ్ణి చూసినట్టు చూసింది.

పక్కవీధి ప్రింటింగు ప్రెస్సాయనకి కిందటేడు ఇదే జరిగిందట. ఆయన పంపితే పదకొండింటికి ఒకావిడ వచ్చింది. ఇలాంటివి చూడటమే ఆవిడ ఉద్యోగం. రాగానే కంప్యూటరుకున్న ఇంటర్నెట్ వైరు లాగేసింది. "ముందు చేయాల్సింది ఇదండీ. పొద్దున్నించీ అలాగే వదిలేశారా?" అంది. నేను తల దించుకున్నాను.

"ఈ గది బయట ఇంకో నకలు ఉందా?"

"లేదండీ. ఈ డిస్కు ఒక్కటే."

"దీనికి తగిలించే ఉంచారుగా. అంటే గుమ్మానికి తాళం వేసి, చెవి దానికే వేలాడదీశారన్నమాట."

రెండు గంటలసేపు ఏవేవో జాబితాలు తిరగేసింది. అప్పుడు అడిగింది.

"ఇంటినుంచి ఈ కంప్యూటర్లోకి వచ్చే దారి ఎవరు పెట్టారు?"

నేనే. వానలకి బయటికి రాలేక, ఇంట్లో కూర్చుని పని చేసుకోవచ్చని పెట్టుకున్నాను. వానలు వెలిశాక తీసేయడం మర్చిపోయాను.

"పాస్‌వర్డు?"

"షాపు పేరు... పక్కన ఒకటి రెండు మూడు."

"బయట బోర్డు మీదున్న పేరేనా?"

"అవునండీ."

ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "శుక్రవారం మధ్యాహ్నం రెండూ పద్దెనిమిదికి ఆ దారిలోంచి ఎవరో వచ్చారు. నాలుగు రోజులు లోపలే ఉన్నారు. మెయిల్లో లింకు నొక్కిన జాడ ఎక్కడా లేదు. అన్నీ నింపాదిగా కాపీ చేసుకుని, ఆ తర్వాతే తాళం వేశారు."

"కాపీనా?" అంది అక్క.

ప్రతి ఫైల్లో కొలతలతోపాటు ఫోటోలుంటాయి. ముఖం, మిగిలిన కాలు, ఫోను నంబరు, ఏ జబ్బుతోనో ఏ ప్రమాదంలోనో కాలు పోయిన వైనం. తల తిప్పితే వెనక గది గుమ్మంలో బావ కనబడ్డాడు. అంతా విన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒక కుట్టుపని ఆవిడ వచ్చింది. మోకాలి కింద నించి కుడికాలు లేదు. నడిస్తే ఎవరూ పోల్చుకోలేనంత బాగా నడుస్తుంది. వచ్చీ రాగానే ఫోను నా ముందు పెట్టింది. ఎవరో తెలియని నంబరునించి ఆవిడ ఫోటో. కింద, డబ్బు పంపకపోతే అందరికీ పంపుతామన్న బెదిరింపు.

"ఇది ఇక్కడ తీసిందే కదా? వెనక మీ నీలం కర్టెను కనబడుతోంది," అంది. గొంతు పెంచలేదు. "నేను కుట్టేచోట ఇరవై మందిమి. ఒక్కరికీ తెలీదు నాకు కాలు లేదని. తొమ్మిదేళ్ళనించి తెలీదు."

అక్క ఆవిడ చేతులు పట్టుకోబోయింది. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

కంప్యూటరావిడ సలహా ఒకటే. "డబ్బు కట్టినా తాళంచెవి ఇస్తారన్న నమ్మకం లేదు. ఫోటోలు చెరిపేస్తారని అసలే లేదు. పోలీసులకి చెప్పండి. దొంగలకంటే ముందే అందరికీ మీరే ఫోను చేసి ఏం పోయిందో ఉన్నదున్నట్టు చెప్పండి."

"పరువు పోతుంది," అన్నాను.

"పరువు సంగతి తర్వాత చూద్దాం. అవి వాళ్ళ ఒళ్ళురా!" అని అరిచింది అక్క. అక్క అరవడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

కానీ నంబర్లన్నీ తాళం వెనకే ఉన్నాయి. అప్పుడు బావ తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. కాలు నొప్పెడితే అందరూ చేసేది ఆయనకే. వాళ్ళ నంబర్లు తనకి గుర్తుండే పేర్లతో దాచుకున్నాడు. "లారీ ఎడమకాలు", "లెక్కల మాస్టారు కుడికాలు", "కోపం ఆయన, రెండు కాళ్ళూ". ఇలా రెండొందల అరవై పైచిలుకు. మిగతావాళ్ళ ఆచూకీ వాళ్ళ ద్వారానే తెలుసుకోవాలి.

"బావా, నిన్న మిమ్మల్ని అనవసరంగా..." అని మొదలుపెట్టాను.

"అందరి ముందు అన్నావు. అందరి ముందే చెప్పు," అన్నాడు.

ఆ రోజు బల్లల మీద అయిదుగురున్నారు. వాళ్ళ ముందు నిలబడి, లింకు బావ నొక్కలేదనీ, తలుపు తీసిపెట్టింది నేననీ, వాళ్ళ ఫోటోలు దొంగల చేతిలో పడ్డాయనీ చెప్పాను. ఒక ముసలాయన, "నా కాలు చూసి వాళ్ళేం చేసుకుంటారటయ్యా, లారీకే అక్కర్లేకపోయింది!" అని గట్టిగా నవ్వాడు. ఆయన పక్కనున్న అమ్మాయి లేచి వెళ్ళిపోయింది.

డబ్బు కట్టలేదు. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, తొమ్మిది రోజులు ఫోన్లు చేశాం. ప్రతిసారీ "తప్పు నాదండీ" అనాల్సింది నేనే. కొందరు తిట్టారు. కొందరు, ఇక కాలికి సాకెట్ దొరకదేమో అని భయపడ్డారు. అక్క అందరికీ మళ్ళీ కొలతలు తీయడం మొదలుపెట్టింది. నాలుగు నెలలు పట్టింది. వచ్చినవాళ్ళు రెండొందల పదకొండు మంది. ఇప్పుడు ఫోటోల్లో ముఖాలుండవు. నకళ్ళు రెండు. అందులో ఒకటి కాపీ అవగానే వైరు తీసేసి, వేరే ఇంట్లో పెడతాం. కంప్యూటర్లోకి బయటినించి దారే లేదు. పాస్‌వర్డు బావ పెట్టాడు, బారెడు పొడుగు. దాంతోపాటు ఆయన ఫోనుకి వచ్చే అంకెలు కూడా కొడితేగాని తెరుచుకోదు. నేను పొద్దున్నే వెళ్ళి ఆ అంకెలు ఆయన్ని అడగాలి. అడుగుతాను.

కుట్టుపని ఆవిడ మళ్ళీ రాలేదు. దొంగలు పంపకముందే తోటివాళ్ళకి తనే చెప్పేసిందని విన్నాం. ఇప్పుడు వేరేచోట చూపించుకుంటోంది. అక్కడి సాకెట్ ఒరుసుకుంటోందట. నేను ఫోను చేస్తే ఎత్తదు. బావ చేస్తే ఎత్తుతుంది. సాకెట్ లోపల తొడిగే మేజోడు ఎలా మడత పెట్టాలో, ఎర్రబడినచోట ఏం చేయాలో ఆయన నెమ్మదిగా చెబుతుంటాడు. మా దగ్గరికి రమ్మని మాత్రం ఎప్పుడూ అనడు.