ఎక్కించని కేసు

అట్లకాడ ఎడమ చేత్తో తిప్పబోతే దోసె కాస్తా చిరిగింది. కుడి మణికట్టు వాచిపోయింది మరి. "కంప్యూటర్ ముందు కూర్చునే కానిస్టేబులుకి అలసటేంటి?" అంటూ నిన్న ఆ చెయ్యి మెలిపెట్టిన పెద్దమనిషి, జెస్సీ భర్త వినోద్ కుమార్, ఇస్త్రీ చొక్కా కోసం గదిలోంచి కేకలేస్తున్నాడు. బళ్లో పిల్లలకు నీతులు చెప్పే మాస్టారు!

"ఎదురు మాట్లాడితే ఏ మగాడు ఊరుకుంటాడే? సర్దుకుపోవాలి," అంది అత్త లక్ష్మమ్మ, దోసె ముక్క తుంచుకుంటూ.

తెనాలిలో పాసింజర్ రైలెక్కి జెస్సీ రేపల్లె పోలీస్ స్టేషన్లో డ్యూటీకి చేరేసరికి ఎస్సై గారు ఆమె కోసమే చూస్తున్నారు.

"బాపట్లలో పుట్టింటికెళ్లిన పెళ్లాం తల పగలగొట్టి పారిపోయాడొకడు. పేరు ప్రతాప్, మన ఊరివాడే. పాత కేసులున్నాయేమో కంప్యూటర్లో కొట్టి చూడమ్మా. ఫోటో, వేలిముద్రలు దొరికితే ఎక్కడున్నా పట్టుకోవచ్చు."

ఒక స్టేషన్లో కంప్యూటర్లోకి ఎక్కించిన కేసు ఇప్పుడు ఏ స్టేషన్లోనైనా కనిపిస్తుంది. ఎక్కిస్తేనే కదా!

"ఏమీ లేదండి సార్," అంది జెస్సీ పేరు కొట్టి చూసి. "ఆవిడ పేరేంటండి?"

"కోటేశ్వరమ్మ. బతకడం కష్టమంటున్నారు."

జెస్సీకి ఆ పేరు గుర్తుంది. ఆవిడ ఈ స్టేషన్‌కే రెండుసార్లు వచ్చింది, చెంప వాచి, కొంగు నోట్లో కుక్కుకుని. "ఇంటి గొడవలకు కేసులేంటి, కౌన్సెలింగ్ చేసి పంపెయ్," అన్నారు అప్పటి సారు. ఆ పని ఎప్పుడూ ఆడ కానిస్టేబుళ్లదే. జెస్సీ టీ తెప్పించింది. రాజీ కాగితం మీద సంతకం పెట్టించింది. "సర్దుకుపో అక్కా," అంది. ఎవరి మాటది? పెళ్లైన నాటినుంచీ అత్త తన చెవిలో పోసిన మాటే. ఛీ, దాన్ని మోసుకొచ్చి ఇంకో ఆడదాని నెత్తిన పెట్టానే అనుకుంది. ఆ రోజే ఎక్కించి ఉంటే వాడి మొహం, వేళ్లు ఈపాటికి తెర మీద ఉండేవి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం!

ఎస్సై గారు బయటికెళ్లాక ఇంకో పేరు కొట్టింది. వినోద్ కుమార్, తెనాలి. ఏమీ లేదు. ఎంత మంచివాడో!

సాయంత్రం తెనాలిలో దిగింది కానీ ఇంటి దారి పట్టలేదు. పోలీస్ స్టేషన్లో బల్ల దగ్గరున్న కానిస్టేబుల్ అమ్మాయి జెస్సీ యూనిఫాం చూసి లేచి కుర్చీ వేసింది.

"కూర్చోండి మేడం. టీ చెప్పమంటారా?"

జెస్సీ వాచిన చెయ్యి బల్ల మీద పెట్టింది.

"టీ వద్దమ్మా. ముందు కేసు ఎక్కించు."