బావగారి గది

పోలరాజు సైకిలు గోడకి చేర్చకుండానే గుమ్మంలోంచి చెప్పేశాడు.

"పరీక్షకి పేరు రాయించీసాడే అన్నయ్య. గురువారం తొమ్మిది గంటలకి. అందరికీ నెల్లాళ్లు పడతాదట, మనకి ఆరు రోజుల్లో దొరికింది."

నూకమ్మ మునగాకు దూస్తోంది. చేతిలో రెమ్మ అలాగే పట్టుకుని, "ఆ గదిలో ఎవరుంటారు?" అంది.

"డాక్టరుంటాడు, అన్నయ్య ఉంటాడు. ఇంకేటి బయం నీకు? లోపలున్నది మనోడే."

ఆమె భయమంతా అదే. కానీ ఆ మాట నోట్లోంచి ఎలా తీస్తుంది?

పోలరాజు అన్నగారు అసిరయ్య బిష్టుపూర్ బజారు వెనక ట్రస్టు వాళ్ల ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాడు. సిద్ధగోరాలో అన్నదమ్ములిద్దరి ఇళ్లకీ మధ్య ఒకటే గోడ. ఆ ఇంట్లో పోపు వేస్తే ఈ ఇంట్లో తుమ్ములొస్తాయి. అయినా నూకమ్మ కాపరానికొచ్చిన ఇరవై నాలుగేళ్లలో బావగారి ముఖాన్ని తిన్నగా చూసింది లేదు. ఆయన గుమ్మం దగ్గర దగ్గితే ఈమె పైట భుజాల నిండా లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఏదైనా చెప్పాల్సి వస్తే పిల్లతో, "పెదనాన్నకి సెప్పవే, టీ అక్కడెట్టానని" అంటుంది. ఆయన కూడా మరదలి పేరెత్తడు. పిల్ల పుట్టకముందు 'లోపల మనిషి' అనేవాడు, పుట్టాక 'పద్దమ్మ తల్లి' అంటున్నాడు. వాళ్ల ఊళ్లో అన్నం తిన్నంత మామూలు మర్యాద అది. జంషెడ్‌పూర్ వచ్చినంత మాత్రాన మారలేదు.

ఈ పరీక్ష గొడవ నీరసంతో మొదలైంది. రెండు బిందెల నీళ్లు మోస్తే కళ్లు తిరుగుతున్నాయని కూతురు పద్మకుమారిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. సేన్ డాక్టరు కళ్ల కింద రెప్ప లాగి చూసి, రక్తం తక్కువగా ఉందన్నాడు. మీ ఇంట్లో ఎవరు దేంతో పోయారని అడిగాడు. రెండేళ్ల కిందట టెక్కలిలో అక్క వరహాలమ్మ పేగులో పుండుతో పోయింది. ఏడాది పాటు ఎవరికీ చెప్పకుండా రక్తం అంటిన పాతగుడ్డలు ఉతుక్కుని, చెప్పేసరికి మంచం మీద పడింది. ఆ మాట విన్నాక డాక్టరు రాయడం ఆపి నూకమ్మ వైపు చూశాడు. చిన్న డబ్బీ చేతికిచ్చి, అందులో ఏం పట్టుకురావాలో పద్మతో చెప్పాడు. పదో క్లాసు పిల్ల, గోడ మీద కేలండరు చూస్తూ చెప్పింది తల్లికి.

మళ్లీ వెళ్లినప్పుడూ పద్మే చెప్పింది. డబ్బీలో పట్టుకెళ్లిన మలంలో కంటికి కనబడని రక్తం ఉందట. లోపల చూడాలట.

"ఎలాగ సూత్తారే?"

"పీఛే సే అమ్మా. నలీ డాల్ కే." వెనకనుంచి గొట్టం పెట్టి అని తెలుగులో చెప్పడానికి ఆ పిల్లకి ఇంకా సిగ్గేసింది. తల్లికి అర్థం కాలేదనుకున్నాడేమో, డాక్టరే చేతులు చాపి గొట్టం ఎంత పొడుగో చూపించాడు. ఒక జానా, దాని మీద నాలుగు వేళ్లు.

పోలరాజు కబురు తెచ్చిన మర్నాడు కిరసనాయిలు లైన్లో తోడికోడలు జోగమ్మ పక్కన నిలబడి, నూకమ్మ ఏమీ ఎరగనట్టు కదిపింది.

"అక్కా, ఆ గదిలో నర్సమ్మలుండరేటి?"

"నర్సమ్మలా? ఆళ్లు ముక్కు మూసుకుని బయటినుంచే ఎల్లిపోతారు. ఎనీమా పెట్టడం, గొట్టం ఉడకెట్టడం, మనిషిని పక్కకి తిప్పి పట్టుకోడం అన్నీ మీ బావగారే. ఈ ఊళ్లో సగం మంది ఎనకలు తెలుసు ఆయనకి. ముకాలు తెలవవు. బజార్లో దండం ఎడితే ఎవుడో పోల్చుకోలేడు." జోగమ్మ తన మాటకి తనే నవ్వింది. నూకమ్మ నవ్వకపోవడం చూసి, కాసేపటికి గొంతు తగ్గించింది. "ఏటి సేత్తావే. ఆయనికి మాత్రం బాగుంటాదేటి. రాత్తిరి కూడు సరిగ్గా తిన్నేదు."

మరి ఆ మాట ఆయన తమ్ముడితో ఎందుకు అనడు? ఈమె మొగుడితో ఎందుకు అనదు? అంటే పోలరాజు ఏమంటాడో తెలుసు. తండ్రి లాంటి అన్న అతనికి. పన్నెండేళ్లప్పుడు భుజమ్మీద చెయ్యేసి రైలెక్కించి తీసుకొచ్చిన అన్న. 'మా అన్నని అనుమానిస్తున్నావా' అంటాడు. అనుమానం కాదిది. అనుమానమైతే నోరు విప్పి చెప్పొచ్చు.

గురువారం పొద్దున్న పోలరాజు ఆమెని ఆసుపత్రి గేటు దగ్గర దింపి డ్యూటీకి పోయాడు. "లోపల అన్నయ్యున్నాడు, ఇంకెవులెందుకు తోడు" అని పద్మని కూడా బడికి పంపించేశాడు.

ముందురోజు నుంచీ గంజి మీదే ఉంది నూకమ్మ. చెక్కబల్ల మీద ఏడుగురున్నారు. తలుపు తెరిచినప్పుడల్లా డెట్టాలు వాసన, రేకు పళ్లేల చప్పుడు. తొమ్మిదింటికి అసిరయ్య బయటికొచ్చాడు. రబ్బరు ఏప్రను, మోచేతుల దాకా తడి, చేతిలో పేర్ల కాగితం. లఖన్ మాఝీని పిలిచాడు. తర్వాత ఫూల్‌మతీ దేవిని. మూడోసారి వచ్చి కాగితం చూశాడు. చూపు ఎత్తి బల్ల వైపు తిప్పబోయి, మధ్యలోనే గోడకి తిప్పేసుకున్నాడు. పెదవులు కదిలాయి. అంతమందిలో మరదల్ని పేరు పెట్టి పిలవాలి, పిలిచి లోపలికి తీసుకెళ్లి...

"అబ్దుల్ గనీ" అన్నాడు.

నూకమ్మకి తెలిసింది, ఆ పిలుపు తనదని. లేచి 'నేనున్నాను' అనొచ్చు. లేవలేదు. నాలుగో పేరు, అయిదో పేరు. పన్నెండింటికి బల్ల ఖాళీ అయింది. తలుపు మూసుకుంది. ఆమె లేచి, ఎవరో తరుముతున్నట్టు బజారు దాకా నడిచి, ఆటో ఎక్కింది.

ఇంటికొచ్చి అబద్ధం ఏది చెప్పాలా అని పొద్దుగూకే వరకూ ఆలోచిస్తూనే ఉంది. చెప్పే అవసరం ఆమెకి పడలేదు. పోలరాజు కాళ్లు కడుక్కుంటుండగానే వీధిలో దగ్గు వినపడింది. ఆమె వంటింట్లోకి తప్పుకుంది.

"ఏటన్నయ్యా, ఏటన్నాడు డాక్టరు?"

చెప్పులు విడిచిన చప్పుడు, ఆ తర్వాత అసిరయ్య గొంతు.

"అయిపోనాది. ఏటీ నేదు."

నూకమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. మొదట వచ్చింది సంతోషమే, కాదనడానికి లేదు. గండం గడిచినట్టు ఊపిరి విడిచింది. ఆ తర్వాత అర్థమైంది. ఇరవై నాలుగేళ్లుగా మాటల్లేని బావగారూ తనూ ఇప్పుడు ఒక అబద్ధానికి చెరో కొసా పట్టుకున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడితే గానీ అది వదలదు. మాట్లాడుకోడానికి లేదు.

పోలరాజు మర్నాడే గుడిలో కొబ్బరికాయ కొట్టొచ్చాడు.

వానాకాలం పోయింది. ఏటీ నేదన్న మాటని నూకమ్మ కూడా నమ్మడం మొదలెట్టింది. రోజూ వింటే ఏ మాటైనా నిజమే అవుతుంది. చలి ముదిరాక ఒక పొద్దున్న మరుగుదొడ్లో రక్తం కనబడింది. ఈసారి కంటికి కనబడింది. రెండో రోజు, నాలుగో రోజు. పాతచీర చింపి ముక్కలు చేస్తున్నప్పుడు, ఇలాగే చింపుకున్న అక్క గుర్తొచ్చింది.

ఆ పూటే మొగుడికి అన్నం పెడుతూ చెప్పేసింది. "కూకున్నప్పుడు రకతం పడతంది."

పోలరాజు కలవరపడలేదు. "మూలసంక అయ్యుంటాది. కారం తగ్గించు. పేగంతా గొట్టమెట్టి సూసారు కదే, అన్నయ్యే సెప్పాడు కదా ఏటీ నేదని." సాయంత్రం బజారునుంచి రెండు ముల్లంగి కట్టలూ, అరకిలో పెరుగూ తెచ్చి ముందు పెట్టాడు. "తిను. సలవ సేత్తాది." ఎంత ప్రేమగా పెట్టాడంటే ఆమెకి ఏడుపొచ్చింది. ఏ తలుపు తట్టబోయినా దానికి ముందే గడియ పెట్టి ఉంది. పెట్టింది తనూ, బావగారూ. కూర్చుని ముల్లంగి తింది.

ఆ తర్వాతి వారం, ఆదివారం, జోగమ్మ కద్మాలో కాపరమున్న కూతుర్ని చూడ్డానికి వెళ్లింది. పోలరాజు డ్యూటీలో ఉన్నాడు. నూకమ్మ పక్కింటి గుమ్మం ఎక్కింది. అసిరయ్య మంచం మీద కూర్చుని గొడుగుకి కుట్టు వేసుకుంటున్నాడు. ఆమెని చూసి గబుక్కున లేచి, పెరటి తలుపు వైపు నడిచాడు.

"ఎల్లిపోకండి బావగారూ."

ఆయన ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు.

"రకతం పడతంది. పదేను రోజులయ్యింది."

గొడుగు చేతిలోనే ఉంది. అలాగే మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"పై వారం నాను సెలవెట్టి, ఇంకొకడున్నప్పుడు నిన్ను రప్పిద్దామనుకున్నానమ్మా" అన్నాడు నేల చూస్తూ. "ఈలోపల తమ్ముడు అడిగీసాడు. నోట్లోంచి ఆ మాటొచ్చీసింది. వచ్చినాక ఎలాగ తిరగెయ్యాలో తెల్లేదు. రోజూ నీ దగ్గు, నీ నడక ఇంటన్నాను గోడకివతల. బాగానే ఉందనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

"నాను లేచి రావల్సింది. నానూ రాలేదు."

"ఇప్పుడు ఎడతాను సెలవు. ఆసుపత్రిలో ముండా తెగ కుర్రోడొకడున్నాడు, మంచోడు. ఆడు సూసుకుంటాడు."

నూకమ్మ తలుపు చెక్క గట్టిగా పట్టుకుంది. ముక్కూ ముఖం తెలియనివాడు ఉంటే ఎంత బాగుండునో అని ఆ గురువారం బల్ల మీద అనుకుంది. ఇప్పుడా మాట వింటే వాడే వద్దనిపించింది. "నాకు నొప్పెడితే ఆడికి ఏ బాసలో సెప్పీది? డాక్టరన్నది నాకెవులు సెప్తారు? పద్దమ్మ కేలండరు సూత్తాది. మీరే ఉండాలి."

అసిరయ్య గొడుగు మడిచి మంచం కింద పెట్టాడు.

"తమ్ముడికి?"

"మీరు అన్న మాట. మీరే సెప్పుకోవాలి."

చెప్పాడు. వీధిలో నిలబడి చెప్పాడు. పోలరాజు విని, అన్నని ఒక్క మాట అనకుండా సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. వచ్చి నూకమ్మని అడిగాడు, "నువ్వైనా సెప్పాలి కదా" అని.

"ఏటని సెప్పను? మీ అన్న ముందర బట్ట విప్పలేనని సెప్పాలా? సెప్తే ఊరుకుందువా?"

పోలరాజు ఊరుకున్నాడు. ఆ రోజునుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఒకటే గోడ, రెండు వైపులా రెండు రేడియోలు.

మళ్లీ గురువారం. పోలరాజు బల్ల మీద ఆమె పక్కనే కూర్చున్నాడు, బూట్లు చూసుకుంటూ. మొట్టమొదట పిలిచిన పేరు నూకమ్మదే.

లోపల మంచం ఇనపది, చల్లగా ఉంది. ఎడమ పక్కకి తిరిగి మోకాళ్లు ముడుచుకుంది. అసిరయ్య ఒక దుప్పటి తెచ్చి మెడనుంచి పాదాల దాకా కప్పాడు. కావలసిన చోట మాత్రం జానెడు కత్తిరించి ఉంది, చుట్టూ దారంతో మడత కుట్టి. కుట్టు జోగమ్మది. ఎంత కప్పినా ఏం దాగుతుంది? కళ్లెదుట సున్నం పెచ్చులూడిన గోడ. ఆ గోడని చూస్తూ, ఇక్కడనుంచి ఎక్కడికీ పోయే దారి లేదనుకుంది.

"గాలి పీల్చమ్మా. ఇంకా. వదలకు." డాక్టరు హిందీలో అన్నది ఆయన ఆమె తల దగ్గర నిలబడి తెలుగులో అంటున్నాడు. భుజం మీద రబ్బరు తొడిగిన చెయ్యి బరువుగా ఉంది. నొప్పి ఎక్కడో లోతునుంచి కడుపంతా మెలిపెట్టింది. "ఆగమనండి" అంది. ఆయన చెప్పాడు. ఆగింది. మళ్లీ మొదలైంది.

డాక్టరు ఉన్నట్టుండి ఏదో అన్నాడు.

"ఏటన్నారు బావగారూ?"

ఆయన జారని దుప్పటిని సర్దాడు.

"ఏటన్నారో అదే సెప్పండి."

"ఉన్నాదమ్మా" అన్నాడు అసిరయ్య. "సింతగింజంత కంతి. ముక్క తీసి పరీక్షకి పంపుతారట. ముందుగానే దొరికిందట, బయపడొద్దట."

"అది డాక్టరు మాటా, మీ మాటా?"

ఆయన చెయ్యి భుజం మీద కదిలింది. ముందుగానే దొరికినట్టేనా అని డాక్టరుని హిందీలో, ఆమెకి వినపడేలా గట్టిగా అడిగాడు. డాక్టరు తల ఎత్తకుండానే అన్నాడు, "అభీ కహ్ నహీఁ సక్తే."

ఇరవై నాలుగేళ్లలో అంతమాత్రం హిందీ నూకమ్మకి వచ్చు. ఇప్పుడే చెప్పలేం. అసిరయ్య దాన్ని తెలుగు చెయ్యలేదు.

ఆమె దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకుని, గోడకేసి కళ్లు తెరిచే ఉంచింది.

"తియ్యమనండి ముక్క."