బీరువా వెనకాల నీలం

ఆ రోజుల్లో నేల కొంచెం మెత్తగా ఉండేది. పడవలోంచి దిగాక కాసేపటిదాకా కాళ్ళకింకా నీళ్ళు గుర్తుంటాయే, అలా. మంచం దిగి వంటగదిలోకి వెళ్తుంటే గోడలు నాకంటే ఓ అడుగు ముందు నడిచేవి. పంపు కింద గిన్నె పెడితే నీళ్ళ చప్పుడు చెవుల్లో కాకుండా పళ్ళల్లో వినిపించేది. భయంగానే ఉండేది. కానీ అబద్ధమెందుకు, అప్పుడప్పుడూ అందంగా కూడా ఉండేది.

నేను రంగుల దుకాణంలో పని చేస్తాను. జనం గోడ పెచ్చో, తలుపు చెక్కో, కర్టెను పీలికో పట్టుకొచ్చి అచ్చం ఇదే రంగు కావాలంటారు. నేను తెల్లరంగు డబ్బా మూత తీసి, అందులో చుక్క చుక్కగా రంగులు వేసి కలిపి, అట్టముక్క మీద పూసి, ఆరనిచ్చి, వాళ్ళు తెచ్చినదాని పక్కన పెట్టి చూస్తాను. ఈ పనికి మా దుకాణంలో మెషిను కూడా ఉంది. మా ఓనరు దాన్ని ముచ్చటపడి కొన్నాడు కానీ, పాత గోడ అనేసరికి ఆయనకే దాని మీద నమ్మకం ఉండదు. "రంగులక్కకి చూపించండి" అంటాడు. పెయింటర్లు పెట్టిన పేరది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడు నేనే పలకను.

కంపెనీవాళ్ళు రంగులకి పెట్టే పేర్లు నాకు నచ్చవు. నా పేర్లు నాకున్నాయి. మాడిన ఎరుపు పేరు మా అత్తగారి మౌనం. లేత గులాబీ పేరు మా ఆయన అబద్ధం. అబద్ధమాడితే ఆయన చెవులు ఆ రంగులోకి తిరుగుతాయి, అందుకని మా ఇంట్లో ఆయన ఆటలు సాగవు.

ఇక ఆ రోజుల్లో నేను మానుకుంటున్న బిళ్ళ సంగతి. చాలా ఏళ్ళ కిందట ఓ రోజు ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, చచ్చిపోతున్నానని దుకాణం మధ్యలో కూలబడ్డాను. చచ్చిపోలేదు. అప్పటి డాక్టరు ఒంట్లో ఏ జబ్బూ లేదు, ఉన్నదల్లా భయమేనని చెప్పి, చిన్న తెల్ల బిళ్ళ రాసిచ్చి, నెల్లాళ్ళు వేసుకోమన్నాడు. నెల్లాళ్ళకని వచ్చిన బిళ్ళ పదేళ్ళు దాటేదాకా కాపురం చేసింది. పొమ్మని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. దాన్ననడానికేం లేదు, దడ మళ్ళీ రానివ్వలేదు. దడతో పాటు ఇంకేమేం రానివ్వడం లేదో నాకు చాలాకాలం తెలియలేదు.

మా అక్క పోయినప్పుడు తెలిసింది. నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. అమ్మ పనికి వెళ్ళిపోతే నాకు జడలేసింది, ముక్కు తుడిచింది, బడిలో నన్ను కొట్టినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి మరీ కొట్టొచ్చింది. అలాంటి అక్కని పడుకోబెట్టి ఉంటే, నేను పక్కనే కూర్చుని, ఆమె మీద కప్పిన దుప్పటి రంగులో పసుపు ఎంత కలిసిందా అని చూస్తున్నాను. కంట్లో తడి లేదు. వచ్చినవాళ్ళంతా గుండె రాయి చేసుకుందని మెచ్చుకున్నారు. బావగారొక్కరే నా వైపు అదోలా చూశారు.

ఆ చూపు నన్ను వదల్లేదు. ఏడాది గడిచినా వదలకపోయేసరికి ఇంకో డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, ఈ బిళ్ళ మానేస్తాను, మా అక్క కోసం నాకు ఏడవాలనుంది అన్నాను. ఆవిడ నవ్వకుండా విన్నది. ఇన్నేళ్ళు అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపడం ప్రమాదమనీ, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలనీ చెప్పింది. అదే మందు నీళ్ళమందుగా రాసి, సూది లేని సిరంజితో కొలుచుకుని తాగమంది. మరీ కష్టమైతే ఉన్న మెట్టు మీదే ఆగి తనకి ఫోన్ చెయ్యాలి. నా అంతట నేను పెంచకూడదు, నా అంతట నేను ఆపకూడదు. మా ఆయన బస్సు డ్రైవరు కాబట్టి ఆయనకి వెంటనే అర్థమైపోయింది.

"గేర్లలో దించాలన్నమాట. సడన్ బ్రేకు వేస్తే వెనక సీటువాళ్ళొచ్చి నా ఒళ్ళో పడతారు," అన్నాడు.

అలా దాదాపు రెండేళ్ళపాటు దిగుతూ వచ్చాను. మెట్టు దిగినప్పుడల్లా కొన్నాళ్ళపాటు ఒళ్ళంతా చీమలు పాకేవి. చేతులు నావి కానట్టు, ఎవరో దాచమని ఇచ్చి వెళ్ళినట్టు ఉండేవి. కలలు నేను కళ్ళు తెరిచాక కూడా వెళ్ళిపోయేవి కావు, వచ్చినపని మర్చిపోయిన చుట్టాల్లా గదిలోనే తిరుగుతుండేవి. తెల్లవారుజామున అక్క వచ్చి మంచం చివర కూర్చుని దువ్వెన అడిగేది. ఇస్తే తీసుకునేది కాదు. మా ఆయన చెంచా గ్లాసుకి తగలకుండా టీలో చక్కెర కలపడం నేర్చుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన చప్పుడు లేకుండా చేసిన పని అదొక్కటే.

రంగులు మాత్రం వేరేగా వచ్చాయి. అంతవరకూ ఒక్క తెలుపే అనుకున్నది ఇప్పుడు రకరకాల తెలుపులుగా విడిపోయేది. ఆకుపచ్చ డబ్బా తెరిస్తే ఎవరో సన్నగా కూనిరాగం తీస్తున్నట్టుండేది. దుకాణంలో నిలబడి అటు చూస్తూ ఉండిపోయేదాన్ని. కన్ను బాగుపడుతోందా, పాడవుతోందా? అదొక్కటే నా బెంగ. అందుకే పాత బిళ్ళల స్ట్రిప్పు ఒకటి సూదుల డబ్బాలో దాచుకున్నాను. మా ఆయనకి చెప్పలేదు. నా చెవులు రంగు మారవు.

ఆ రోజుల్లోనే మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ దుకాణానికి వచ్చింది. వాళ్ళింట్లో గోడలో పైపు పగిలితే మనిషిని పెట్టి గోడ తవ్వించి, బాగుచేయించి, మళ్ళీ పూడ్పించింది. ఆ పూడిక మీదికి రంగు కావాలి. గోడంతా వేయించుకోవచ్చు కదా అంటే ఒప్పుకోలేదు. పిల్లల ఎత్తు ఏటేటా ఆ గోడ మీదే పెన్సిలుతో గీసుకుందట. వాటి మీద బ్రష్షు పడటానికి వీల్లేదంది. రుమాలు విప్పి ఒక పెచ్చు నా చేతిలో పెట్టింది.

నీలం. చూడగానే దాని పేరు దానంతటదే వచ్చింది: అక్క కొత్త రిబ్బను. బడి తెరిచే రోజున కొని, నాకు రెండు జడలకీ కట్టి, కదిలితే చంపేస్తానన్న రిబ్బను. చెయ్యి దానంతటదే చుక్కలు వేసుకుపోయింది. అట్టముక్క ఆరాక పెచ్చు పక్కన పెడితే మధ్యలో గీత కనిపించలేదు. చాలా కాలానికి నా మీద నాకు ముద్దొచ్చింది. ఆ అట్టముక్కని సంచిలో దాచుకున్నాను.

ఆవిడ రెండ్రోజులకే తిరిగొచ్చి డబ్బాని కౌంటరు మీద పెట్టింది. గొంతు పెంచలేదు. "మంచి చీరకి మాసిక వేసినట్టుందమ్మా," అంది. పెచ్చు చూద్దామంటే రుమాల్లో పొడైపోయి ఉంది. డబ్బు తిరిగిచ్చి ఆవిణ్ణి పంపాక ఓనరు నా దగ్గరికొచ్చి, కొన్నాళ్ళు బిల్లుల దగ్గర కూర్చోమన్నాడు, రంగులు మెషిను చూసుకుంటుందన్నాడు. తిట్టినా బాగుండేది. జాలిగా అన్నాడు.

ఇంటికొచ్చి సూదుల డబ్బా తీశాను. ఏడుపు లేకుండా బతికాను కదా, ఇకముందూ బతకొచ్చు. కన్ను పోతే నేనెవర్ని? డాక్టరమ్మకి ఫోన్ చెయ్యాలని తెలుసు. వద్దంటుందని కూడా తెలుసు, అందుకే చెయ్యలేదు. ఒక్కసారి ఆ గోడని చూస్తాను, తప్పు నా కంటిదైతే అక్కడే పాత బిళ్ళ వేసుకుంటాను అనుకున్నాను. స్ట్రిప్పు సంచిలో వేసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. వీధి వీధంతా నీళ్ళడుగున ఉన్నట్టుంది. సైకిళ్ళు చేపల్లా తప్పుకుంటున్నాయి. ఇనప గేటు పట్టుకుంటే దాని చల్లదనం మోచేతిదాకా పాకింది. కుట్టే ఆవిడ తలుపు తీసి, నా మొహం చూసి, పోట్లాటకి రాలేదని గ్రహించి పక్కకి జరిగింది.

చిన్న గది. కిటికీ పక్కన కుట్టుమిషను, కింద పీలికల కుప్ప, ఎదురుగా గోడ, దాన్ని ఆనుకుని బీరువా. గోడ మీద పెన్సిలు గీతలు, వాటి కింద నా నీలం. ఆవిడ మాటలో అబద్ధం లేదు. వెలిసిపోయి బూడిదకి దగ్గర పడ్డ గోడ మధ్యలో అది అరుస్తోంది. చంటిపిల్లాడు కూడా తేడా చెప్పగలడు. నా కాళ్ళకింద పడవ ఒక్కసారి పక్కకి ఒరిగింది. అయిపోయింది అనుకున్నాను. తాగడానికి నీళ్ళు అడిగాను. ఆవిడ గ్లాసు తెచ్చి మిషను మీద పెట్టేలోపు బిళ్ళ తీసి గుప్పిట్లో పట్టుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, నేను అడగాల్సినది ఒకటి అడగలేదని. మా పనిలో చేతిలోకి ఏ ముక్క వచ్చినా, చూడకముందే అడిగే మాట. ఇన్నేళ్ళలో ఎప్పుడూ మర్చిపోనిది. ఆ రోజు ఆ నీలాన్ని చూస్తూ ఎక్కడికో వెళ్ళిపోయి మర్చిపోయాను.

"ఆ పెచ్చు ఎక్కడ గీకారండీ?"

"కనపడే చోట గీకితే ఇంకో మచ్చ పడుతుంది కదమ్మా. బీరువా వెనకాల సందులో కత్తి దూర్చి గీకాను," అంది.

నేను బీరువా వైపు చూశాను. ఇది ఎప్పటినుంచి ఇక్కడుందని అడిగాను. ఇంటికి రంగు వేయించిన వారంలోనే పెట్టిందట. పిల్లలు పుట్టకముందు మాట. మళ్ళీ కదపలేదంది. ఒక్క చేత్తో తొయ్యబోతే ఆవిడ కూడా వచ్చి భుజం ఆనించింది. బీరువా మూలుగుతూ జరిగింది.

వెనకాల నిలువెత్తున నీలం. ఎండ చూడని నీలం, దుమ్ము చూడని నీలం. ఒక్క మూల మాత్రం కత్తితో గీకిన గుర్తుంది. సంచిలోంచి అట్టముక్క తీసి గోడకి ఆనించాను. రంగు రంగులో కలిసిపోయింది, అట్ట అంచు తప్ప ఏమీ మిగల్లేదు. కుట్టే ఆవిడ దగ్గరికొచ్చి వేలితో తడిమి చూసి, మెల్లగా నవ్వింది. తప్పు తనదేనంది. మా ఓనరుకి తనే చెప్తానంది.

నేను వినడం లేదు. అలా నిలబడి చూస్తున్నాను. ఈ గదిలో ఇన్నేళ్ళూ ఈ నీలం ఇక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. అక్క నా జడ పట్టుకుని వెనక్కి లాగింది. కదలకే, అంది. నా మెడ మీద ఆమె వేళ్ళు తగిలాయి. నిజంగా తగిలాయి. నేల మీద కూలబడ్డాను, ఒకప్పుడు దుకాణంలో కూలబడ్డట్టే. కానీ ఇది దడ కాదు. నోట్లోంచి వచ్చిన శబ్దం నాదేనని తెలియడానికి కాసేపు పట్టింది. ఎంతకీ ఆగదే. ముక్కు కారుతోంది, గుప్పిట విప్పితే చెమటకి బిళ్ళ తెల్లటి పిండైపోయి ఉంది. అరచెయ్యి చీరకి తుడిచేసుకున్నాను.

కుట్టే ఆవిడ కంగారుపడి నీళ్ళ గ్లాసు అందించింది. తాగేశాను, ఉత్త నీళ్ళు. రంగు గురించి అంత బాధపడొద్దంది, పూడిక కనపడకుండా క్యాలెండరు తగిలించుకుంటానంది. అందుక్కాదని తల అడ్డంగా ఊపాను.

"మరేమైందమ్మా?"

"మా అక్క పోయిందండీ."

"అయ్యో. ఎప్పుడు?"

"మూడేళ్ళయింది."

ఆవిడ వింతగా చూడలేదు. నా పక్కనే నేల మీద కూర్చుని, కుప్పలోంచి ఒక పీలిక తీసి నా చేతికిచ్చింది. దాంతో మొహం తుడుచుకున్నాను, మళ్ళీ ఏడ్చాను, మళ్ళీ తుడుచుకున్నాను. అది ఏ రంగు గుడ్డో నేను చూడలేదు.