తొడిమ పైకి

ఈ రోజు మా సినిమా షూటింగుకి ఆఖరి రోజు. ఇది పదకొండో ఆఖరి రోజు.

గుమ్మడికాయ పగలడం లేదు, అందుకని సినిమా పూర్తి కావడం లేదు. పూర్తి కాలేదు కాబట్టి హైదరాబాదులోని ఈ స్టూడియో గేటు గోడలో కలిసిపోయింది. గేటున్న చోట సున్నం కూడా వేశారు.

చివరి షాట్ అయ్యాక యూనిట్ అందరికీ బూడిద గుమ్మడికాయతో దిష్టి తీసి, దాన్ని నేలకేసి కొట్టడం పన్నెండేళ్లుగా నా పని. పట్టుకున్నప్పుడు తొడిమ పైకుండాలి. కింద రెండో చెయ్యి పెట్టాలి. కాయ ఒంటిమీది బూడిద రాలకూడదు. ఇంట్లోకి వెళ్లిన కాయ వడియాలవుతుంది, పులుసవుతుంది. దీనికి మాత్రం ఇంత మర్యాద చేసి మరీ పగలగొడతాం. పాపం అనిపిస్తుంది.

భార్య కడుపుతో ఉన్నవాడు గుమ్మడికాయ కొట్టకూడదు. మా వైపు ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. నా భార్య పైడమ్మకు నెలలు నిండాయి. నేను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈ పని ఇంకొకడికి పోతుంది.

పదకొండోసారి కొడతాను. నేల పగులుతుంది. కాయ మీద కర్పూరం కూడా ఆరదు.

ఫోన్ మోగుతుంది. విజయనగరంలో ఆసుపత్రి మంచం మీది నుంచి పైడమ్మ.

"పదకొండు రోజులై నొప్పులొస్తన్నాయి. బిడ్డ మాత్రం రానంటంది. నువ్వక్కడ ఏటి సేస్తన్నావు?"

"గుమ్మడికాయ కొడతన్నాను."

ఆమె ఏడవదు, తిట్టదు. "నువ్వు కొట్టినప్పుడల్లా నాకిక్కడ తగుల్తంది" అంటుంది.

కాయకు చెవి ఆనిస్తాను. లోపల ఆసుపత్రి ఫ్యాను తిరుగుతోంది. పైడమ్మ పళ్లు బిగబట్టి మూలుగుతోంది. కొడితే ఆమెకు తగులుతుంది. కొట్టకపోతే గేటు రాదు, బిడ్డ రాదు, ఆమె ప్రాణం దక్కదు. అందరి ముందూ ఏడుస్తూ పైడమ్మ సంగతి చెప్పేస్తాను.

ప్రొడక్షన్ మేనేజరు గవర్రాజు గారు వాచీ చూసుకుంటారు.

"ఏవయ్యా సింహాద్రీ, ముందే చెప్పి చావొచ్చు కదా?"

"పని పోతాదని చెప్పలేదండి."

"ఇప్పుడెవరు కొట్టినా లాభం లేదు. దిష్టి ఎవరో ఒకరు తీసుకోవాలి కదా? కాయ తీసుకోనంటోంది."

"నేను తీసుకుంటానండి."

ఆయన నేల చూపిస్తారు. "అయితే గుండ్రంగా పడుకో."

ముడుచుకుని పడుకుంటాను. కాయ మీది బూడిద తనంతట తానే లేచి నా ఒంటికి అంటుకుంటుంది. మేకప్ అమ్మాయి నా నుదుట కుంకుమ పెడుతుంది. నడినెత్తిన కర్పూరం వెలుగుతుంది, వేడిగా లేదు. నా చొక్కా ఇప్పుడు నాకు పట్టడం లేదు. కాయకు సరిగ్గా సరిపోతుంది. జేబులో నా బస్సు టికెట్టు ఉంది.

గవర్రాజు గారు నన్ను ఎత్తి అందరి చుట్టూ మూడుసార్లు తిప్పుతారు. గోడలో గేటు తెరుచుకుంటుంది. కాయ నా చొక్కాతో బయటికి నడిచి, బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుంటుంది.

గవర్రాజు గారు నన్ను తల మీదికి ఎత్తుతారు. అంత ఎత్తు నుంచి విజయనగరం దాకా కనబడుతుంది. కాయ బస్సు దిగుతుంది. ఆసుపత్రి మెట్లెక్కుతుంది. కాళ్లకు చెప్పులు లేవు కాబట్టి వార్డు బయట విప్పదు. పైడమ్మ దాన్ని చూస్తుంది. పదకొండు రోజుల తర్వాత ఆమె ముఖం తేటపడుతుంది.

"వచ్చీసినావా?" అంటుంది దానితో.

నర్సు అప్పుడే పుట్టిన బిడ్డను తెస్తుంది. ఒళ్లంతా తెల్లటి బూడిద. కాయ నా చొక్కా చేతులు రెండూ చాస్తుంది, కానీ దానికి బిడ్డను ఎత్తుకోవడం రాదు. బిడ్డ తల వెనక్కి వాలిపోతోంది.

గవర్రాజు గారి చేతులు కిందికి దిగుతున్నాయి. నేల దగ్గరవుతోంది.

"తొడిమ పైకి!" అని ఉన్న బలమంతా పెట్టి అరుస్తాను. "కింద రెండో చెయ్యి పెట్టు!"

కాయ రెండో చెయ్యి పెడుతుంది.