ప్లాస్టర్ మీద పేరు

ఏడో నంబరు మంచం దుప్పటి మారుస్తుంటే నర్సు సంగీత వేళ్లకు ఏదో జిగటగా తగిలింది. చెమటకు ఊడి పరుపు అంచుకు అతుక్కున్న ప్లాస్టర్ ముక్క. మీద తన చేతిరాతే: పోచయ్య, 61. గబుక్కున జేబులో వేసుకుంది.

పంజాగుట్టలోని ఆ ఆసుపత్రిలో రోగుల చేతిపట్టీల మీద పేర్లు అచ్చువేసే మిషను చెడి నాలుగు నెలలు. సంగీత మూడుసార్లు ఫిర్యాదు రాసిచ్చినా పట్టించుకున్న నాథుడు లేడు. నర్సులే ప్లాస్టర్ చింపి, పెన్నుతో పేరు, వయసు రాసి, మణికట్టుకు అంటించేవారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు. మొన్న మధ్యాహ్నం ఫ్యాను గాలి తగలడం లేదని ఏడో మంచం పోచయ్యా, ఎనిమిదో మంచం షుగరు పేషెంటూ బస్సులో సీట్లు మార్చుకున్నట్టు మంచాలు మార్చుకున్నారు. ఎనిమిదో మంచానికి వేయాల్సిన ఇన్సులిన్ సంగీత పోచయ్యకు వేసింది. ఆయన చేతికి పట్టీ లేదు, ఆమె పేరూ అడగలేదు. పద్నాలుగేళ్ల నౌకరీలో అదొక్కటే తప్పు. షుగరు పడిపోయి ఐసీయూలో చేర్చిన ఆయన ఇంకా కళ్లు తెరవలేదు.

రెండు రోజులుగా ఆమె ఒక్కటే అడుగుతోంది. జరిగింది ఆయన భార్య లచ్చమ్మకు తన నోటితో చెప్పాలి. పైవాళ్లు కుదరదన్నారు.

పదకొండింటికి మేనేజర్ కేదార్ పిలిపించాడు. గోడకు ‘సిబ్బందికి అండగా మేము’ అని బ్యానరు, బల్ల మీద అమీర్‌పేట నుంచి తెప్పించిన సమోసాలు. ఆమెతో ఫోటో తీయించుకుని, సమోసా తిన్న నూనె వేళ్లతోనే భుజం తట్టాడు. ఛీ, సంగీతకు ఒళ్లు గగుర్పొడిచింది.

“ఫికర్ చెయ్యకమ్మా, మేమున్నం గద. జర గీ కాయితం మీద సంతకం పెట్టు.”

చదివింది. మిషను బాగానే ఉందట, పట్టీ వేయనిది నర్సేనట.

“ఖరాబైందని రాసిచ్చిన గద సార్?”

“గవన్నీ ఇప్పుడెందుకు? తిను, చల్లారుతయ్.”

తలుపు తోసుకుని ఐసీయూ నర్సు మంజూష వచ్చింది. “అక్కా, పోచయ్య పోయిండు,” అంది మెల్లగా.

“అయ్యో,” అని కేదార్ ఇంకో సమోసా తుంచాడు.

సంగీతకు ఏడుపు రాలేదు, రోత పుట్టింది. అతని మీద, ఆ నూనె వాసన మీద, ఇన్నేళ్లూ మనుషుల్ని నంబర్లతో పిలిచిన తన నోటి మీద కూడా. జేబులో చెయ్యి పెట్టి, కాయితం మీదికి వంగింది.

“సూది నేనే వేసిన. గది లచ్చమ్మకు చెప్త. మిషన్ సంగతి సుత చెప్త.”

“నౌకరీ పోతది.”

“పోనీ.”

మెడలోని గుర్తింపు కార్డు తీసి మంజూష చేతిలో పెట్టి, లచ్చమ్మ ఉన్న ఐసీయూ వైపు నడిచింది.

బల్ల మీద, సమోసాల పళ్లెం పక్కన, కాయితంలో సంతకం చేయాల్సిన చోట ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది: పోచయ్య, 61.